అరవై ఒకటో కాగితం

అఫీఫె ఇల్లు మా కొట్టుకు ఎదురుగా ఉన్న మేడలో మూడో అంతస్తు. రెండో అంతస్తులో ఆమె బావ ఖత్తార్ ఉండేవాడు. మధ్యలో పద్దెనిమిది మెట్లు. అక్క మతీల్ద్ పోయినప్పటి నుంచి, అంటే ముప్పై రెండేళ్ల పాటు, అఫీఫె రోజూ పొద్దున్నే ఐదింటికి ఆ మెట్లు దిగేది, గిన్నెలు సర్దేశాక మళ్లీ ఎక్కేది. కింద ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. పిల్లలకు జ్వరం వస్తే పిల్లల్నే దుప్పట్లో చుట్టి పైకి మోసుకెళ్లేది. ఇవన్నీ నాకెలా తెలుసంటే, నేను బొత్తాలూ దారాలూ ఉన్నీ అమ్ముతాను. అలాంటి కొట్లో గిరాకీ తక్కువ, తీరిక ఎక్కువ. వీధిలో ఎవరు తుమ్మినా ముందు నాకే తెలుస్తుంది.

మతీల్ద్ పోయేనాటికి కొడుకు మిత్రీకి ఆరేళ్లు, కూతురు గ్లాడిస్‌కు రెండేళ్లు. ఖత్తార్ కూరగాయల లారీ నడిపేవాడు. మంచివాడే, కానీ మాట్లాడితే దెబ్బలాడుతున్నట్టు ఉండేది. ఏడాది తిరిగాక ఫాదర్ గారు ఒకసారి అఫీఫెను చేసుకోరాదా అని కదిపి చూశారు. ఖత్తార్ ఔననలేదు, కాదనలేదు, లారీ స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. అఫీఫెను ఎవరూ అడగలేదు. మా జహ్లే ఊరి ఆడవాళ్లు ఆ సంగతిని కొన్నేళ్లు నమిలి, రుచి పోయాక ఉమ్మేశారు. మెట్లు ఎక్కడం దిగడం మాత్రం అలాగే సాగింది.

పిల్లలు బడికెళ్లే వేళల్లో ఆమె నది ఒడ్డున ఫీలిప్ గారి ప్రెస్సులో అక్షరాలు కూర్చేది. మొదట సీసం అక్షరాలు, తర్వాత కంప్యూటర్. పెళ్లి కార్డులు, సారా సీసాల చీటీలు, అన్నిటికన్నా ఎక్కువగా చావు కాగితాలు. మా ఊళ్లో ఎవరు పోయినా గోడలకు కాగితాలు అంటిస్తాం. నల్ల అంచు, పైన శిలువ, పోయినవారి పేరు, దాని కింద ఇంకా బతికున్నవాళ్ల పేర్లు: భార్య, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, చివర చుట్టరికం ఉన్న కుటుంబాల ఇంటిపేర్లు. చదివేవాళ్లు పోయినవారి పేరు ఒకసారి చూసి, కింది పేర్లు మూడుసార్లు చూస్తారు. ఎవరిని వదిలేశారు, ఎవరిని ఎవరి తర్వాత వేశారు అన్నది ఏడాది తగవుకు సరిపడా సరుకు.

ఆ తగవులు రాకుండా చూసేది అఫీఫె. ఏడుస్తూ వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, కళ్లజోడు పెట్టుకుని అడిగేది.

"మీ చిన్న మేనత్త ఆస్ట్రేలియాలో ఉందిగా, ఆవిడ పేరేదీ?"

"ఆవిడతో మాకు మాటల్లేవమ్మా."

"మాటలు మీకు లేవు. పోయినాయన ఆవిడకి అన్నే కదా. రాయి."

అలా ఆమె ఎవరి పేరూ జారిపోనిచ్చేది కాదు.

ఫీలిప్ గారు పోయారు. ఆయన కాగితం ఆ ప్రెస్సులో అచ్చయిన ఆఖరి కాగితం. కొడుకులు యంత్రాలు అమ్మేసి, ఆఫీసులోని పాత కంప్యూటర్‌ను ఆమె చేతిలో పెట్టారు. జనం మాత్రం అలవాటు మానలేదు. ఎవరింట్లో చావు జరిగినా తిన్నగా మూడో అంతస్తుకే ఎక్కి తలుపు కొట్టేవారు. అందుకని ఒకరోజు అఫీఫె నా కొట్టుకు వచ్చి, "నఖ్లే, ప్రింటర్ కొనాలి. నీకు తెలుసా వాటి సంగతి?" అంది.

తెలియదు అనడం నాకు చిన్నప్పటి నుంచి చేతకాదు. "ఎందుకు తెలియదు అక్కా!" అన్నాను. అక్కడ మొదలైంది నా ఘనకార్యాల జాబితా.

ఇద్దరం వాటా టాక్సీలో పక్క ఊరు ష్తూరా వెళ్లాం. కొట్లో కుర్రాడు తలకు బాగా జిగురు రాసి ముళ్లపందిలా ఉన్నాడు.

"ఏం ప్రింట్ చేసుకుంటారమ్మా? ఫోటోలా, మనవల హోంవర్కా?"

"చావులు," అంది అఫీఫె.

వాడు నా వంక చూశాడు. నేను గంభీరంగా తలూపాను.

"అయితే... ఇది చూడండి, ఇంకుతో పనిచేసేది. ఆరు రంగులు వస్తాయి."

"పోయినవాళ్లకి రంగులెందుకు నాయనా? నలుపుంటే చాలు."

అప్పుడు నేను కలగజేసుకున్నాను. పెట్టెల మీద రాతలు అప్పటికే రెండు చదివి ఉన్నాను. "ఇంకుది బొమ్మలాట. మనకు కావలసింది లేజర్. పొడి నలుపు, వేడి మీద కాగితానికి అతుక్కుంటుంది, చెరగదు. నిమిషానికి పద్దెనిమిది కాగితాలు. బ్యాంకుల్లో అవే," అన్నాను.

కుర్రాడు మెల్లగా, "సార్, ఇంట్లో జనరేటర్ లైను ఎన్ని ఆంపియర్లు?" అని అడిగాడు.

"నీకెందుకోయ్ మా ఇంటి గొడవ?" అన్నాను.

లేజర్ ప్రింటర్ బరువు పదహారు కిలోలు. టాక్సీలో నా ఒళ్లోనే పెట్టుకుని తెచ్చాను. మూడంతస్తులూ నేనే మోశాను. పై మెట్టు మీద నా నడుములో ఏదో టక్కుమంది, ఈరోజుకీ మబ్బు పడితే చాలు, అది టక్కుమంటుంది. పెట్టె విప్పి, తీగలు తగిలించి, అఫీఫె దేవుడికి దండం పెట్టుకుని బొత్తం నొక్కింది. ప్రింటర్ లోపల ఎవరో గాఢంగా ఊపిరి పీల్చినట్టు చప్పుడైంది. వెంటనే దీపాలు పోయాయి.

సర్కారు కరెంటు పోయిన వేళ అది, వీధికి డబ్బులకు కరెంటిచ్చేవాడి జనరేటర్ మీద ఉన్నాం. రెండిళ్లకూ కలిపి ఒకటే లైను, ఐదు ఆంపియర్లు. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఒక్క గుక్కలో అంతా తాగేస్తుందట. కింద ఖత్తార్ వార్తలు చూస్తున్నాడు. తలుపు తెరిచిన చప్పుడు, తర్వాత గొంతు.

"అఫీఫె! పైన ఏం చేస్తున్నారే? ఏనుగుకి ఇస్త్రీ చేస్తున్నారా?"

"ప్రింటర్ బావా!"

"ఏ ప్రింటర్? ఎవడు కొనమన్నాడు?"

ఆమె నా వైపు చూసింది. నేను సోఫా వెనక్కి జరిగాను.

పడిపోయిన స్విచ్చి మా మేడలో ఉండదు. వీధి చివర స్తంభానికి కట్టిన జనరేటర్ వాడి ఇనప పెట్టెలో ఉంటుంది. మూడంతస్తులు దిగి, వీధి చివరికి నడిచి, స్విచ్చి పైకెత్తి, మళ్లీ ఎక్కి వచ్చాను. ఫ్రిజ్ తీసేసి మళ్లీ నొక్కాం. మళ్లీ దిగాను. దీపం కూడా ఆర్పి నొక్కాం. మళ్లీ దిగాను. నాలుగోసారి ఎదురుపడ్డ ఖత్తార్ చేతిలో చెప్పు ఉంది. "నఖ్లే, నువ్వు దారాలమ్ముకో నాయనా. కరెంటు జోలికి రాకు," అన్నాడు.

సర్కారు కరెంటు ఉన్నప్పుడే ప్రింట్ చేస్తే సరి కదా అని నేను వాదించాను.

"జనం సర్కారు కరెంటు చూసుకుని పోతారా నఖ్లే?" అంది అఫీఫె. ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అడిగింది.

మర్నాడు పదహారు కిలోలూ వెనక్కి మోసుకెళ్లి, ముళ్లపంది కుర్రాడి ముందు దించాను. వాడు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది. ఇంకు ప్రింటర్ తెచ్చుకున్నాం. అది ఒక చిన్న దీపం తాగేంత కరెంటు కూడా తాగదు.

దానితో వేసిన మొదటి కాగితం ఉమ్ రిజ్క్‌ది, అంటే రిజ్క్ వాళ్లమ్మది. యాభై కాగితాలు ముచ్చటగా వచ్చాయి. చర్చిలో గంట కొట్టే అబ్దో వాటిని గోడలకు అంటించాడు. మధ్యాహ్నం వాన కురిసింది. రిజ్క్ తడిసి ముద్దై పైకి వచ్చి, "అఫీఫె అక్కా, మా అమ్మ పేరు కారిపోయి కాలవలో కలిసిపోయింది," అన్నాడు. వెళ్లి చూశాం. గోడల నిండా ఊదారంగు చారలు. శిలువకు గడ్డం మొలిచినట్టుంది. ఉమ్ రిజ్క్ ఏది, పిల్లలేరి, ఏమీ తెలియదు. వీధిలో నలుగురు నవ్వారు. అఫీఫె నవ్వలేదు. గోడ దగ్గర నిలబడి, ఆ చారల మీద చేయి పెట్టి, "ఇరవై రెండేళ్లలో ఒక్క పేరు పోనివ్వలేదు నేను," అంది.

ఉపాయం గ్లాడిస్ అద్దం దగ్గర దొరికింది. తల వెంట్రుకలు కదలకుండా కొట్టుకునే స్ప్రే కాగితం మీద కొడితే, ఆరాక నీళ్లు పోసినా ఇంకు కదలదు. అప్పటి నుంచి ఆమె ప్రతి కాగితానికీ రెండు వైపులా స్ప్రే కొట్టి, బట్టలారేసే తీగకు క్లిప్పులతో వేలాడదీసేది. మా వీధి మెట్ల మీద ఆ వాసన వస్తే చాలు, "ఎవరు?" అని అడిగేవాళ్లం.

ఇంకు ప్రింటర్‌కు ఇంకో జబ్బు ఉంది. కొన్నాళ్లు పని చెప్పకపోతే సూదిమొన సందుల్లో ఇంకు ఎండిపోతుంది. "అక్కా, మూడు వారాలైంది, ఊళ్లో ఒక్కరూ పోలేదు. నీ ప్రింటర్ ఆరోగ్యం పాడైపోతోంది. మా అత్తగారిని అడగమంటావా?" అనేవాణ్ణి. "ఛీ, పాపిష్టి నోరు," అని నవ్వి, చెర్రీ జాం సీసాలకు చీటీలు వేసి ఇంకు పారించేది. అలా ఎనిమిదేళ్లు నడిచింది. ఆమె సుఖంగా ఉందా అంటే చెప్పలేను. ఆ ప్రింటర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రం ఎవరికీ వంటమనిషిలా కనిపించేది కాదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఖత్తార్ పోయాడు. గడ్డం గీసుకుంటూ, సగం నురుగు మొహాన ఉండగా. మిగతా సగం గడ్డం అఫీఫె గీసింది.

బేరూత్ నుంచి మిత్రీ వచ్చాడు. గ్లాడిస్ మొగుడితో పిల్లలతో ఆ రెండో అంతస్తులోనే ఉండేది. ఖత్తార్ అన్న ఖైసర్ కూడా వచ్చి, పెద్దరికమంతా తనే తీసుకుని సోఫా మధ్యలో కూర్చున్నాడు. అఫీఫె కాఫీ కాచి ఇస్తూంటే, వీళ్లు కాగితం మీద పేర్లు రాశారు. పది గంటలకు మిత్రీ ఆ కాగితం పట్టుకుని నా కొట్టుకు వచ్చాడు.

"నఖ్లే బాబాయ్, ఇది పిన్నికి ఇచ్చి ప్రింట్ చేయించు."

"పిన్ని మీ ఇంట్లోనే ఉందిగా? నేనెందుకు?"

వాడు బొత్తాల డబ్బాల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను కాగితం చదివాను. భార్య కీర్తిశేషురాలు మతీల్ద్. కొడుకు, కోడలు. కూతురు, అల్లుడు. అన్న ఖైసర్, ఆయన భార్య. టొరంటోలో ఉన్న చెల్లెలు. పెదతండ్రి పిల్లలు తొమ్మిది మంది. తర్వాత ఏడు ఇంటిపేర్లు. మళ్లీ చదివాను.

"ఒరేయ్, అఫీఫె పేరేదిరా?"

"ఎక్కడ పెట్టమంటావు చెప్పు? భార్యా కాదు, చెల్లెలూ కాదు."

"మరదలు కదా. రిజ్క్ వాళ్ల తోడల్లుడు పోయినప్పుడు మరదలిని వేశారు."

"ఆవిడకి మొగుడున్నాడు బాబాయ్, ఫలానా వారి భార్య అని వేశారు. పిన్నిని ఏమని వేస్తాం? మొగుడు లేని మనిషి, పెళ్లాం పోయిన మగాడింట్లో ముప్పై రెండేళ్లు... ఇన్నాళ్లకి జనం నోళ్లు మూసుకున్నారు. మనమే గోడకెక్కించి మళ్లీ తెరిపిస్తామా అంటాడు పెదనాన్న. అది పిన్నికే కదా పరువు తక్కువ." డబ్బా మూత ఒకటి తీసి పెడుతూ, "అయినా ఇంటిపేర్లలో పిన్ని పుట్టింటి పేరు బర్బరీ ఉందిగా. అంటే పిన్ని ఉన్నట్టే," అన్నాడు.

ఉంది. ఆరో పేరు.

వాడికి అన్నం తినిపించిన చేయి నాకు తెలుసు. వాడిని బడికి లాక్కెళ్లిన చేయి కూడా తెలుసు. ఆ మాటలు నోటిదాకా వచ్చాయి. తండ్రి పోయిన రోజు ఎందుకులే అని మింగేశాను. కాగితం పట్టుకుని మెట్లెక్కాను.

అఫీఫె చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, నిలబడే చదివింది. చదవడం అయ్యాక కూడా కళ్లు అక్కడే ఉంచింది.

"వయసు తప్పు రాశారు. డెబ్భై ఒకటి, డెబ్భై కాదు," అంది.

"అక్కా..."

"ఖైసర్ పెళ్లాం పేరు కింద వేయాలి. చెల్లెలు ముందు." కంప్యూటర్ ముందు కూర్చుంది. అంచు వేసింది, శిలువ వేసింది, పేర్లు వేసింది. ఎవరింటి కాగితమో వేస్తున్నట్టు వేసింది. ఏడు ఇంటిపేర్ల దగ్గర బర్బరీ అని కొట్టి ఆగింది.

"అందులో నువ్వున్నావట," అన్నాను.

"మా పెద్దనాన్న మనవలు కూడా ఉన్నారు అందులో. వాళ్లు ఖత్తార్ మొహం కూడా ఎరగరు."

"పెట్టెయ్ అక్కా. ఒక్క వరుస. ఎవరికి తెలుస్తుంది?"

"ఎక్కడ పెట్టను నఖ్లే?" మళ్లీ అదే గొంతు, నిజంగా అడుగుతున్నట్టు. "అందరికీ చోటు వెతికిపెట్టిన దాన్ని. పొద్దున నుంచి అదే ఆలోచిస్తున్నా. నాకు దొరకడం లేదు."

"కూతురూ అల్లుడూ అయ్యాక పెట్టు. పిల్లల్ని పెంచిన మరదలు అఫీఫె బర్బరీ."

"అలా ఎవరూ రాయరు."

"రాసి చూడు. చూడ్డానికేం?"

రాసింది. వరుసలు జరిగి చోటిచ్చాయి. "ఎలా ఉంటుందో ఒక్కటి తీద్దాం," అని బొత్తం నొక్కింది. ప్రింటర్ అటూ ఇటూ కదులుతూ ఒక కాగితం బయటికి నెట్టింది. ఆమె దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత, గోడకెక్కబోయే కాగితానికి చేసినట్టే, స్ప్రే డబ్బా తీసుకుని ఆ కాగితానికి రెండు వైపులా కొట్టింది. తీగకు వేలాడదీసింది.

మళ్లీ కూర్చుని ఆ వరుస తీసేసింది. అరవై కాగితాలు వేసి, స్ప్రే కొట్టి, అవీ తీగకు వేసింది.

కింద నుంచి గ్లాడిస్ పిలిచింది. "పిన్నీ, కాఫీ అయిపోయింది, ఇంకో ముప్పై మంది వచ్చారు!" అఫీఫె దిగి వెళ్తూ, ఆరాక కట్ట కట్టి అబ్దోకు ఇమ్మని నాకు చెప్పింది. ఆ ఒక్కటీ వేరుగా తీసి బల్ల సొరుగులో పెట్టమంది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. ఆ ఒక్కటీ నేను సొరుగులో పెట్టలేదు. అరవై కాగితాల మధ్యలోకి జొనిపాను. ఎవరో ఒకరు ఏదో ఒక గోడ మీద చూస్తారు, నిజమే కదా అనుకుంటారు, పిల్లలు కాస్త సిగ్గుపడతారు, అంతే అనుకున్నాను. మంచి పని చేస్తున్నానన్న పులకింత కూడా కలిగింది. ఆ పులకింత కలిగినప్పుడల్లా నేను ఎవరో ఒకరి కొంప ముంచుతాను.

అరవై ఒక్క కాగితాలూ అంటించాడు అబ్దో. వాడికి పేర్లతో పని లేదు, మైదాపిండితోనే పని. ఊళ్లో ఉన్న అరవై ఒక్క గోడల్లో, ఆ ఒక్క కాగితం చర్చి హాలు తలుపు మీద పడింది. సమాధి చేసి వచ్చి పరామర్శకు కూర్చునే చోటు అది. ప్రతి మనిషీ ఆ తలుపులోంచే లోపలికి రావాలి.

మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు వరుసగా కూర్చున్నారు. పంచదార లేని కాఫీ తిరుగుతోంది. అఫీఫెకు ఆడవాళ్ల వరుసలో చోటు దొరికింది, చివరి కుర్చీ. గుసగుస తలుపు దగ్గర మొదలై కుర్చీ నుంచి కుర్చీకి పాకింది. ఖైసర్ లేచి బయటికి వెళ్లాడు. కాగితాన్ని పిండితో సహా పీక్కుని లోపలికి వచ్చాడు. వెనకాల మిత్రీ.

"ఎవరి పని ఇది?"

కాఫీ పళ్లెం మధ్యలోనే ఆగింది.

మిత్రీ ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. "పిన్నీ, ఇది నువ్వు వేశావా?"

ఆమె కాగితం చూసింది. తర్వాత తలెత్తి, మగవాళ్ల వరుసలో నన్ను చూసింది. నా చేతిలో కాఫీ కప్పు ఉంది. లేచి నేనే అనాలి. కాళ్లు లేచాయా లేదా గుర్తు లేదు. కాఫీ మాత్రం ప్యాంటు మీద ఒలికింది, వేడిగా. దాన్ని తుడుచుకున్నాను. ఆమె పరువు పోతున్న ఆ నిమిషంలో నేను ప్యాంటు తుడుచుకుంటున్నాను.

"నేనే వేశాను," అంది అఫీఫె.

"తమ్ముడి మట్టి ఇంకా ఆరలేదు, పేరు రాసుకోవడానికి తొందరపడిందండీ!" అన్నాడు ఖైసర్ హాలుకు వినిపించేలా.

"ముప్పై రెండేళ్లు ఆగింది పాపం," అంది ఆడవాళ్లలో ఒకావిడ. పక్కావిడ రుమాలు అడ్డం పెట్టుకుంది. ఏడవడానికి కాదు.

"నేను పెంచలేదా మిత్రీ?" అని అడిగింది అఫీఫె.

"పెంచావు పిన్నీ. ఎవరు కాదన్నారు? కానీ ఎవరైనా గోడ మీద రాసుకుంటారా?"

ఆమె లేచింది. కుర్చీ వెనక వేలాడదీసిన కోటు తీసుకుని తొడుక్కుంది. బొత్తాలు కింది నుంచి పై దాకా ఒక్కొక్కటే పెట్టుకుని, ఆ తలుపులోంచే వెళ్లిపోయింది.

మర్నాడు ఐదింటికి ఆమె మెట్లు దిగలేదు. ఆరైంది, ఏడైంది. నేను కొట్టు తెరిచి ఎదురు చూస్తూంటే, రెండో అంతస్తులోంచి గ్లాడిస్ పైకెళ్లి తలుపు కొట్టడం వినిపించింది. పాపం, పలకరించడానికి వెళ్లింది అనుకున్నాను.

"పిన్నీ! పెద్ద కాఫీ గిన్నె ఎక్కడ పెట్టావు?"

"సింకు కింద, ఎడమ పక్క," అంది లోపలి నుంచి గొంతు. తలుపు తెరుచుకోలేదు.

నేను ఎక్కింది పదింటికి. నాకు తలుపు తీసింది. కూర్చోమనలేదు.

"అక్కా, ఆ కాగితం..."

"తెలుసు. సొరుగు తీసి చూశానుగా." ఆమె మొహంలో కోపం వెతికాను. ఉంటే బాగుండుననిపించింది.

"వెళ్లి మిత్రీకి చెప్పేస్తాను. ఇప్పుడే."

"ఏం చెప్తావు?"

"నేనే చేశానని. నీ తప్పు లేదని."

"వద్దు." తలుపు అంచు పట్టుకుంది. "నిన్న నువ్వు లేచి చెప్పి ఉంటే చెప్పేవాడివి. లేవలేదు. ఇప్పుడు వద్దు."

"ఎందుకక్కా? జనం ఏమంటున్నారో విన్నావా?"

"విన్నాను. అఫీఫె తన పేరు తనే వేసుకుంది అంటున్నారు. అననీ. ఇన్నేళ్లలో నా కోసం నేను ఒక పని చేశానని ఈ ఊరు అనుకోవడం ఇదే మొదలు. అది నువ్వు చేశావని చెప్తే, అదీ నాది కాకుండా పోతుంది." తలుపు సగం మూస్తూ అంది: "నీకు నోరు ఊరుకోదని తెలుసు. ఈ ఒక్కటీ ఊరుకోబెట్టు."

ఊరుకోబెడతానన్నాను. మతీల్ద్ ఆత్మ మీద ఒట్టు కూడా పెట్టాను.

నలభై రోజులు ఆమె కిందికి దిగలేదు. కూరగాయల బుట్ట తాడు కట్టి కిటికీలోంచి దింపేది, బండివాడు నింపితే లాక్కునేది. కింద గ్లాడిస్ ఇల్లు అతలాకుతలమైంది. పిల్లలు చెరో రంగు మేజోడుతో బడికి వెళ్లారు. వంటింట్లోంచి మాడిన వాసన నా కొట్టుదాకా వచ్చేది. పై అంతస్తులో మాత్రం పొద్దున తొమ్మిది దాకా కర్టెన్ కదిలేది కాదు. అరవై రెండేళ్ల మనిషి మొదటిసారి తొమ్మిది దాకా పడుకుంటోంది. నాకు అది కనిపించలేదు. నాకు కనిపించింది ఒక్కటే, పాపం ముసలిది ఒంటరిగా మగ్గిపోతోంది, దానికి కారణం నేను.

నలభయ్యో రోజు ప్రార్థనకు మిత్రీ వచ్చాడు. వాన పడుతూంటే నా కొట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"పిన్ని ఇలాంటిది చేస్తుందని కలలో కూడా అనుకోలేదు బాబాయ్. అయినా మేమేమన్నాం? ఒక్క మాట అనలేదు. ఆవిడే పంతం పట్టి కూర్చుంది."

నలభై రోజులుగా నా నిద్రలో ఆ కాఫీ ఒలుకుతూనే ఉంది. ఆ బరువు దించుకోవాలనిపించింది. ఆమె కోసమే చెప్తున్నాను అనుకున్నాను, అబద్ధం. నా కోసమే.

"ఆమె వేయలేదురా. కట్టలో పెట్టింది నేను," అన్నాను.

వాడు నన్ను కొడతాడేమో అనుకున్నాను. వాడి మొహం విప్పారింది. ఇన్నాళ్లకు మళ్లీ ఊపిరి పీల్చుకున్నట్టు ఉంది. "అదీ! నేననుకుంటూనే ఉన్నాను. పిన్ని అలాంటి మనిషి కాదు!" అని వానలోనే రోడ్డు దాటి పరిగెత్తాడు. కిటికీలోంచి చూస్తూ నేను అయిదు నిమిషాలు సంతోషంగా ఉన్నాను. ఆ అయిదు నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

పైన ఏం జరిగిందో తర్వాత గ్లాడిసే చెప్పింది, శుభవార్త చెప్తున్నట్టు.

"అన్నయ్య లోపలికి వెళ్తూనే పిన్ని చేతులు పట్టుకుని ఏడ్చేశాడు. 'నువ్వు చేయలేదని తెలిసింది పిన్నీ, నఖ్లే బాబాయ్ అంతా చెప్పాడు. పెదనాన్నకి కూడా చెప్పేస్తాం, ఊరందరికీ చెప్తాం. మా మనసులో ఇంకేం లేదు. కిందికి రా,' అన్నాడు."

"పిన్ని ఏమంది?"

"మెల్లగా చేతులు విడిపించుకుని లేచింది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత, బియ్యం నానబెట్టారా అని అడిగింది."

ఆ మధ్యాహ్నం నలభయ్యో రోజు భోజనానికి యాభై మందికి వండింది అఫీఫె. సోమవారం ఐదింటికి మెట్ల మీద చప్పుడు వినిపించింది.

మంగళవారం నేను కొట్టు తీసేసరికి గడప మీద ప్రింటర్ ఉంది. తీగలు నీట్‌గా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. పక్కనే సగం వాడిన కాగితాల కట్ట, స్ప్రే డబ్బా. చీటీ ఏమీ లేదు. నేను తల ఎత్తేసరికి ఆమె రెండో అంతస్తు బాల్కనీలో గ్లాడిస్ పిల్లల మేజోళ్లు ఆరేస్తోంది. చేయి ఎత్తాను. ఆమె ఇంకో మేజోడు తీసుకుంది.

దాన్ని నేను వాడటం నేర్చుకున్నాను. చావు కాగితాలు ఇప్పుడు నేనే వేస్తున్నాను, పేర్ల వరుస తప్పుతున్నాననీ తిట్లు తింటున్నాను. ఆమె ఏ రోజూ నా కొట్టు వైపు చూడదు, లోపలికి రాదు. సూదికో దారానికో అవసరం పడితే, వంతెన దాటి అవతలి ఒడ్డు కొట్టుకు వెళ్తుంది. రానూ పోనూ నలభై నిమిషాలు, మోకాళ్ల నొప్పులతో.